డీపీఐఐటీ గుర్తింపు ఉంటే బెంగళూరులో స్టార్టప్‌కి పెట్టుబడి వస్తుందా?

రాదు, కేంద్ర ప్రభుత్వంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యం చూసే విభాగమైన డీపీఐఐటీ ఇచ్చే ఆ గుర్తింపు పేటెంట్ ఫీజు, పన్నుల లాంటి వాటిలో వెసులుబాటుకు దారి చూపుతుందే తప్ప ఇన్వెస్టర్‌ని తెచ్చిపెట్టదు.

2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఇండియా కింద కంపెనీ వయసు, టర్నోవర్, కొత్తదనం చూసి దీన్ని ఇస్తారు. ఇన్వెస్టర్ చూసేది వేరు: మీ యాప్‌ని ఎవరు వాడుతున్నారు, వాడినవాళ్లు మళ్లీ వస్తున్నారా, జేబులోంచి డబ్బు తీస్తున్నారా. ఈ లెక్కలు చేతిలో లేకుండా బెంగళూరులో స్టార్టప్‌లు ఎక్కువగా ఉండే కోరమంగళలో ఎన్ని మీటప్‌లకు తిరిగినా మాట ముందుకు సాగడం కష్టం. యూజర్లే ముందు.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్‌నే చూడండి. పండక్కి హైదరాబాద్ వెళ్లే బస్సులో సీటు దొరక్క పడ్డ ఇబ్బందిలోంచి ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు 2006లో బెంగళూరులో దాన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఈ గుర్తింపన్నదే లేదు. బస్సు ఆపరేటర్లను ఒప్పించి, టికెట్లు అమ్మి చూపించారు. ఆ తర్వాతే, 2007లో, కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే సీడ్‌ఫండ్ సంస్థ పెట్టుబడి పెట్టింది. మన కుర్రాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన వరస ఇది.

గుర్తింపు రాగానే ఆదాయపు పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ పన్ను మినహాయింపుకి విడిగా దరఖాస్తు చేసుకోవాలి, దాన్ని వేరే బోర్డు పరిశీలించి ఆమోదించాలి.