బెంగళూరులో బొమ్మలు వేయడానికి విడిగా స్టూడియో తీసుకోవాలా?

రెండు బెడ్‌రూముల ఇంట్లో బొమ్మలు వేస్తున్నాను, విడిగా స్టూడియో అద్దెకు తీసుకోవాలా అని అడిగారు. ఇరవై కాన్వాసులు పోగయ్యాయి, హాలు తీసుకుని సోలో షో పెట్టొచ్చా అని కూడా అడిగారు. ఈ రెండు పనులూ తొందరపడి చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. మాది అనంతపురం. ఇక్కడ బ్యాంకు ఉద్యోగం, సాయంత్రాలు బొమ్మలు.

రామమూర్తినగర్‌లో మూడో అంతస్తు మీద ఒక గది తీసుకున్నాను. అడ్వాన్స్ పది నెలల అద్దె. ఓనర్ ఆంటీ చిత్తూరు వైపు మనిషి, మన భాషే కదా అని సంబరపడ్డాను. మొదటి వారమే పైకొచ్చి "ఏం నాయనా, గ్యాస్ ఏమైనా లీకవుతా ఉందా?" అన్నారు. ఆయిల్ రంగులు పలచన చేయడానికి వాడే టర్పెంటైన్ వాసన అది. ఆయిల్ రంగులు మందంగా వేస్తే ఆరడానికి వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఆలస్యం. అన్నాళ్లూ ఇల్లంతా ఆ వాసనే.

అసలు దెబ్బ మెట్ల దగ్గర తగిలింది. అయిదడుగులకు నాలుగడుగుల కాన్వాసు పూర్తిచేసి కిందికి దించబోతే మలుపు దగ్గర ఇరుక్కుంది. ఎటు తిప్పినా రాలేదు. చివరికి మేకులు పీకి, చెక్క ఫ్రేము విప్పి, గుడ్డను లావుపాటి పైపుకు చుట్టి దించాను. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి ఉండాలి. లోపలికి చుడితే రంగు పొర నొక్కుకుని ముడతలు పడుతుంది.

ఇంత చేసీ ఆ గదికి వెళ్లింది ఆదివారాలే. ఈ ట్రాఫిక్‌లో ఆఫీసు నుంచి అక్కడికి ఎవరు పోతారు? ఇంట్లో గోడకు ఆనించిన బొమ్మ మాత్రం రోజూ రాత్రి అరగంటైనా ముందుకు నడిచేది. అందుకని నా మాట: ప్రస్తుతానికి ఒక గోడ చాలు. నీళ్లతో కలుపుకునే, త్వరగా ఆరిపోయే ఆక్రిలిక్ రంగులు వాడండి, మీ తలుపు, మెట్లు పట్టేంత సైజే వేయండి. చిన్నదంటే చిన్నచూపు వద్దు. మన తెలుగు చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగులు (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు) ఒకసారి దగ్గర నుంచి చూడండి, అంత చిన్న కాగితంలో ఎంత ఊరు పట్టిందో!

అద్దె కట్టేముందు నాలుగు స్టూడియోలు చూసి రండి. శాంతినగర్‌లో కళాకారుడు సురేశ్ జయరామ్ మొదలుపెట్టిన వన్ శాంతి రోడ్ అనే స్టూడియో-గ్యాలరీ లాంటి చోట్ల ఏదైనా కార్యక్రమం ఉన్నప్పుడు వెళ్తే చిత్రకారులు మాటకు దొరుకుతారు. నేను చూసిన ఒక పెద్దాయన గదిలో ఈజిల్ (బొమ్మ నిలబెట్టి వేసే స్టాండు) కంటే ర్యాకులే ఎక్కువ. సగం బొమ్మలు గోడవైపు తిరిగి ఉన్నాయి. నెలల తర్వాత ఇటు తిప్పితే తప్పు దానంతట అదే కనబడుతుందట. ఇంటికొచ్చి నేనూ అదే మొదలుపెట్టాను.

ఇక సోలో షో. వారం రోజులకు హాలు తీసుకున్నాను. వచ్చినవాళ్లు ఆఫీసువాళ్లు, చుట్టాలు. సమోసాలు బాగా పోయాయి. మూడు బొమ్మలు అమ్ముడయితే రెండు మా మేనమామే కొన్నాడు. దానికంటే చిత్రసంతెలో రోడ్డు మీద కూర్చున్న ఒక్కరోజు ఎక్కువ నేర్పింది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా మామూలుగా జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డులో పెట్టే సంత అది. ముందే దరఖాస్తు చేసుకోవాలి. జనం ఆగుతారు, బేరమాడతారు, ముఖం మీదే బాగాలేదంటారు. ఒక తెలుగు కుటుంబం నా బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి "ఏడు గుర్రాలది లేదా బాబూ?" అని అడిగింది. నవ్వాను గానీ, ఎవరు ఏ బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నారో ఆ రోజే గమనించడం మొదలుపెట్టాను.

తీసుకెళ్లేటప్పుడు ఆక్రిలిక్ మీద నేరుగా బబుల్ ర్యాప్ చుట్టకండి. ఎండకు రంగు మెత్తబడి బుడగల అచ్చులు పడతాయి, నాకు రెండు బొమ్మలు అలాగే పోయాయి. లోపల బటర్ పేపర్ వేసి, బుడగలు బయటికి వచ్చేలా చుట్టండి.

ఈలోపు ప్యాలెస్ రోడ్డు మాణిక్యవేలు మాన్షన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి, కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యాప్ (మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ) మ్యూజియానికి వెళ్లి రండి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, కళ్లు అలిసిపోతాయి. నేషనల్ గ్యాలరీకి సోమవారం సెలవు.