మెంబ్రేన్ ప్యాకెట్ తెరిచే ముందు

అమ్మలూ,

పంటి ఇంప్లాంట్ దగ్గర ఎముక పెంచేటప్పుడు పైన కప్పే పల్చటి పొరకి, అదే మెంబ్రేన్‌కి, కరిగిపోయే కొలాజెన్ వాడాలా, కరగని పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) వాడాలా అని అడిగావు. ముందు ఎముక లోటు ఎలా ఉందో చూడు. ధర, కంపెనీ తర్వాత.

మెంబ్రేన్ చేసే పని ఒక్కటే. చిగురు కణాలు జోరుగా పెరుగుతాయి, ఎముక కణాలు నిదానం. చిగురు ముందొచ్చి ఆ జాగా ఆక్రమించకుండా అడ్డం నిలబడాలి.

ఇంప్లాంట్ మరలు ఒక పక్క కనపడుతున్నా, అటూ ఇటూ ఎముక గోడ ఉంటే గ్రాఫ్ట్ పొడి (ఎముక లోటులో నింపే పొడి) నింపి కొలాజెన్ కప్పితే చాలు. రక్తం తగలగానే తడిసిన పూతరేకులా మెత్తబడి ఒంపుకి అతుక్కుంటుంది. మళ్లీ కోసి తీసే పని లేదు. కానీ తనంతట తాను నిలబడలేదు. ఎముక ఎత్తు పెంచాలంటే మాత్రం టైటానియం పట్టీలున్న పీటీఎఫ్ఈయే పెట్టు, అది గుడారంలా జాగా నిలుపుతుంది. తీయడానికి ఇంకో సర్జరీ ఉంటుందని పేషెంట్‌కి ముందే చెప్పు. పక్క పంటికి తగలనివ్వకు, మూలలు గుండ్రంగా కత్తిరించు.

1990ల చివర్లో ఒక టైలరు గారికి పాతరకం, పెద్ద రంధ్రాల ఈ-పీటీఎఫ్ఈ పెట్టాను. ఫ్లాప్, అంటే కోసి లేపిన చిగురు, పైన కప్పడానికి చాలకపోతే లాగి కుట్టాను. పదో రోజు కుట్ల మధ్య బియ్యపు గింజంత మెంబ్రేన్ తెల్లగా బయటపడింది. మెంబ్రేన్ తీస్తే పొడంతా చీముతో వచ్చేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తు. ఇప్పటి డెన్స్ రకంలో రంధ్రాలు 0.3 మైక్రాన్ల లోపే, బాక్టీరియా అంత తేలిగ్గా దూరదు. అలాగని ధీమాగా ఉండకు.

కింది దవడలో ఫ్లాప్ సాగడానికి దాని లోపలి పొర పెరియాస్టియం మీద రిలీజింగ్ కోత పెట్టాక, బుగ్గ వైపు ఫ్లాప్‌ని ఫోర్సెప్స్‌తో పట్టి నాలుక వైపు అంచు మీదికి తెచ్చి చూడు. బలవంతం లేకుండా అయిదు మిల్లీమీటర్లయినా దాటి రావాలి. రాకపోతే ప్యాకెట్ తెరవకు. ప్రీమోలార్ల (కోరపంటి వెనక చిన్న దవడ పళ్లు) దగ్గర మెంటల్ నర్వ్, అంటే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం, ఎక్కడుందో చూసుకునే కోయి.

పీఆర్ఎఫ్ (పేషెంట్ రక్తం నుంచే తీసే ఫైబ్రిన్ పొర) చాలదా అన్నావు. గాయం మానడానికి మంచిదే, కానీ రెండు వారాల్లోపే కరిగిపోతుంది. కొలాజెన్ మీద వేసుకో, దాని బదులు వద్దు.

ఇంకోటి. కొలాజెన్ ఎక్కువగా పంది నుంచో పశువుల నుంచో వస్తుంది. ఎవరికి ఏది పట్టింపో మొహం చూసి ఊహించకు, నోరు తెరిచి అడుగు. వద్దంటే పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసినవి ఉన్నాయి. గ్రాఫ్ట్ పొడి గురించీ అలాగే అడగాలి.

పేషెంట్ సీబీసీటీ (దవడ 3డీ స్కాన్) పంపు, షుగర్ రిపోర్టు కూడా. ఆదివారం కూర్చుని చూస్తాను.

మీ పెద్దమ్మ