అన్నకి రొయ్యలు మాన్పించొద్దు అమ్మణ్ణీ, నూనె తగ్గించు

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చదివినప్పటి నుంచి మనసంతా మీ ఇంటి మీదే ఉంది. మా అన్న రిపోర్టులో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి మొట్టమొదట చేసిన పని రొయ్యలు మాన్పించడం. సాయంత్రం బజ్జీలు, అన్నంలోకి అప్పడాలు, ఆదివారం బిర్యానీ పార్సిల్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తున్నాయని నువ్వే రాశావు. ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి వంటగదిలో పథ్యం భోజనాలు చూసిన దాన్ని, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆపాల్సినవి వదిలేసి ఆపక్కర్లేని దాన్ని ఆపారు.

ముందు రొయ్యలో ఏముందో విను. ఒలిచిన పచ్చి రొయ్యలు 100 గ్రాములు తీసుకుంటే ప్రోటీన్ 18 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది, కొవ్వు ఒక గ్రాము అటూ ఇటూ, కేలరీలు వంద లోపే. మూడు కోడిగుడ్లు తింటే వచ్చేంత ప్రోటీన్ అది, కానీ ఆ మూడు గుడ్లలో కొవ్వు పదిహేను గ్రాముల దగ్గర ఉంటుంది. రోజూ పప్పు తింటున్నాం కదా అంటావేమో, మనిషికి వేసే గరిటెడు పప్పులో పడే కందిపప్పు ముప్పై గ్రాములకి మించదు, దాంట్లో ప్రోటీన్ ఆరేడు గ్రాములే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అన్న 65 కిలోలు అనుకుంటే 54 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి సంగటి తినే మనిషికి అంత ఎక్కడి నుంచి వస్తుంది? అరవై దాటాక కండ కరిగిపోతుంటుంది, మొన్న మీ ఇంటి మెట్లు ఎక్కుతూ రెండుసార్లు గోడ పట్టుకున్నాడు, నేను చూస్తూనే ఉన్నా. ప్రోటీనే కాదు, రొయ్యలో బి12 ఉంది, సెలీనియం, ఫాస్ఫరస్, జింక్ ఉన్నాయి. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం ఐరన్ కోసం రొయ్యల మీదే ఆధారపడకూడదు. గుండెకి మంచిదని చెప్పే ఒమేగా-3 కూడా మంచినీళ్ల రొయ్యలో తక్కువే, దానికైతే మద్రాసు వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపలు మేలు.

ఇక కొలెస్ట్రాల్. రొయ్యలో ఉన్న మాట నిజమే, దాచను. 100 గ్రాముల్లో 150 మిల్లీగ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది, గుడ్డు ఒక్కదాంట్లో 185 దాకా ఉంటుంది. కానీ రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేస్తుంది, దాన్ని ఎక్కువగా ఎగదోసేది నెయ్యి, డాల్డా, పామాయిల్, కొబ్బరి, వేటమాంసం మీది తెల్ల కొవ్వు లాంటివి. రొయ్యలో ఆ రకం కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదనే లెక్క పట్టుకుని చార్టులు రాసేవాళ్లం, అమెరికా వాళ్లు తమ ఆహార సూచనల్లోంచి ఆ హద్దును 2015లో తీసేశారు. అలాగని రోజూ కిలో తినమని కాదు. షుగర్ ఉన్నవాళ్లు, చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చిన కుటుంబాల వాళ్లు డాక్టర్‌ని అడిగే తినాలి. అన్నకి షుగర్ లేదు కాబట్టి వారానికి ఒకసారి, ఒలిచిన రొయ్యలు 100 గ్రాములు ధైర్యంగా పెట్టు, అయినా ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టర్ చెవిన ఒక మాట వెయ్యి. డాక్టర్ ఇచ్చిన మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదు.

అసలు కొంప ముంచేది మూకుడులో పోసే నూనె. మొన్న వచ్చినప్పుడు నీ పక్కనే నిలబడి చూశా, ఒలిచిన పావుకిలో రొయ్యలకి నూనె డబ్బా వంచి గరిటెడు పోశావు, అవి కాస్త అంటుకుంటున్నాయని మళ్లీ కొంచెం వంచావు. పెద్ద చెంచాతో కొలిస్తే తక్కువంటే తక్కువ నాలుగు చెంచాలు ఉంటుంది. చెంచాకి 120 కేలరీలు, నాలుగింటికి 480. ఆ పావుకిలో రొయ్యలన్నీ కలిపినా 250 కేలరీలు ఉండవు! రేపటి నుంచి నూనె డబ్బా పక్కన ఒక చెంచా పెట్టుకో, డబ్బా నుంచి చెంచాలోకి, చెంచా నుంచి మూకుట్లోకి, అంతే.

నేను ఎలా చేస్తానో చెప్తా. రొయ్యల్ని పసుపు, ఉప్పు వేసి ఉత్త మూకుట్లో పెడితే వాటి నీళ్లు అవే వదులుతాయి, ఆ నీళ్లు పారబొయ్యొద్దు, రుచంతా దాంట్లోనే ఉంటుంది. ఒక్క చెంచా చెనక్కాయల నూనెలో ఆవాలు, కరివేపాకు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, రెండు ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేసి, ఎర్రగడ్డ మెత్తబడే దాకా మధ్యమధ్య నీళ్లు చల్లుతూ మగ్గించు. తర్వాత లేత సొరకాయ ముక్కలు, మిరప్పొడి, ధనియాల పొడి. సొరకాయ ఉడికాక చింతపండు పులుసు పోసి, అది తెర్లేటప్పుడు రొయ్యలు, వాటి నీళ్లు వేసి మూడు నాలుగు నిమిషాల్లో దించెయ్. రొయ్య చంద్రవంకలా వంగి ఎర్రబడితే అయిపోయినట్టే, సున్నాలా చుట్టుకుపోయిందంటే ఎక్కువ ఉడికి రబ్బరైపోతుంది. కొబ్బరి, గసాలు నూరి పోసే అలవాటు అన్న కోసం మానుకో. రాగి సంగటిలోకి ఈ పులుసు పెట్టి చూడు, రాగుల్లో కాల్షియం ఉంది, రొయ్యలో ప్రోటీన్ ఉంది, అన్న నోటికి రుచీ తగ్గదు.

కొనడం గురించి కూడా రాయాలి. మార్కెట్లో ‘మంచినీళ్ల రొయ్య’ అని అరిచేవన్నీ అసలైన మంచినీళ్ల రకం నీలకంఠ రొయ్యలు కావు, చాలాసార్లు నెల్లూరు వైపు చెరువుల్లో పెంచిన వనామీ అనే ఇంకో రకాన్నే ఆ పేరుతో అమ్ముతారు. వనామీ తింటే తప్పేమీ లేదు, పోషకాల్లో పెద్ద తేడా ఉండదు, కానీ నీలకంఠ ధర పెట్టి వనామీ ఎందుకు తెచ్చుకోవాలి? చేతిలోకి తీసుకుని చూడు. నీలకంఠకి నీలంగా, పొడుగ్గా రెండు గిట్టలుంటాయి, పెద్ద మగదానికైతే ఒంటికంటే పొడుగు. గిట్టలు విరిచేసి అమ్మితే ఒంటి మీది పెంకులు చూడు, తోకలో రెండో పెంకు అంచు ముందుదాన్నీ వెనకదాన్నీ రెండింటినీ కప్పుతుంది. వనామీలో అలా ఉండదు, పెంకులు ఇంటి మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా వెళ్తాయి. నీలకంఠకి తల పెద్దది, కిలో తెస్తే ఒలిచాక చేతికొచ్చేది సగం కూడా ఉండదు, కాబట్టి నలుగురికి కిలో తేవాలి. ఇంటికి తేగానే ముందు తలలు తీసెయ్యి, తలలోని రసాలు తోకలోకి దిగితే కండ పిండిలా మెత్తబడిపోతుంది, ఈ రకంలో అది మరీ తొందరగా జరుగుతుంది. ఐసు లేకుండా ఎండలో బుట్టలో పెట్టినవీ, అమోనియా వాసన వచ్చేవీ ఎంత చవకైనా ముట్టుకోవద్దు. వీపు మీద చాకుతో సన్నగా గీసి నల్ల నరం లాగెయ్, అది దాని పేగు. తలలోని పసుపు కొవ్వు జుర్రుకోవడం అన్నకి చిన్నప్పటి నుంచీ ప్రాణం, కానీ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండేది అక్కడే, ఆ ఒక్కటీ ఇక వద్దని నా మాటగా చెప్పు. రొయ్యపొట్టు, ఎండు రొయ్యలు పెంకుతో తింటాం కాబట్టి కాల్షియం బాగానే ఉంటుంది, కానీ ఉప్పు కూడా బాగా ఉంటుంది, బీపీ మాత్ర వేసుకునే అమ్మకి అవి ఎప్పుడో ఒకసారి చాలు. మీ మామకి యూరిక్ యాసిడ్ వచ్చి కాలి బొటనవేలు వాచినప్పుడు మా ఇంట్లో ఎనిమిది నెలలు రొయ్య ముఖం చూడలేదు, ఆ జబ్బు ఉన్నవాళ్లు నిజంగానే దూరంగా ఉండాలి.

పాపకి రొయ్యలు పెట్టొచ్చా అని అడిగావు. ఏడాది నిండబోతోంది కదా, పెట్టొచ్చు, కానీ ఈ ఒక్క విషయంలో నా మాట గట్టిగా పట్టుకో. మా చిన్నోడికి ఆరేళ్లప్పుడు ఒక పెళ్లిలో నాలుగు రొయ్యలు తిన్న అరగంటకి పెదాలు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు కీచుమంది. పక్కన ఉన్నవాళ్లు వేడి చేసిందని మజ్జిగ తాగించమన్నారు, నేనూ పది నిమిషాలు ఆ మాటలు వింటూ నిలబడ్డాను. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ తొడకి ఇంజెక్షన్ ఇచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు. ఆ పది నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. రొయ్యలో ఉండే ఒక రకం ప్రోటీన్ కొందరికి పడదు, ఎంత ఉడికించినా అది పోదు. కాబట్టి పాపకి మొదటిసారి పొద్దుటి పూట, మెత్తగా మెదిపి చిటికెడు పెట్టు, ఆ రోజు ఇంకే కొత్త తిండీ వద్దు. రాత్రి పూట, ప్రయాణంలో అస్సలు వద్దు. పాపకి చర్మం పొడిబారి ఎర్రబడే దురదలు (ఎగ్జిమా), ఆయాసం లాంటివి ఉంటే ముందే పిల్లల డాక్టర్‌ని అడుగు. పెదాలు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఎవర్నీ సలహా అడక్కుండా నేరుగా ఆసుపత్రికే.

రొయ్యలు తిని నిమ్మరసం తాగితే విషమవుతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మొద్దు, నేను ముప్పై ఏళ్లుగా రొయ్యల మీద నిమ్మకాయ పిండుతున్నా. పాలూ రొయ్యలూ కలిస్తే బొల్లి వస్తుందనడానికి కూడా ఆధారం లేదు.

వెంకన్నకి మొక్కుకునే పెరటాసి నెల పుట్టడానికి ఇంకా రెండు ఆదివారాలున్నాయి, ఆ తర్వాత ఇంట్లో నీచు ఎలాగూ వండరు కదా. ఈ ఆదివారమే తెచ్చి చెయ్, చెంచా మరిచిపోకు. అన్న తిన్నాక ఫోన్ ఆయనకే ఇవ్వు, సంగటి ఎన్ని ముద్దలు తిన్నాడో ఆయన నోటితోనే వింటా.

మీ అత్త
తిరుపతి