తెర మీంచి ఆ జడెందుకు?

ప్రశ్న: మా పాప పటమటలో కూచిపూడి నేర్చుకుంటోందండీ. మొన్న భామాకలాపం అనే కూచిపూడి నృత్యనాటకం చూశాం, మనిషి రాకముందే తెర మీంచి జడ బయటికేశారు, ఎందుకలా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అది సత్యభామ జడ కదండీ, మొహం కంటే ముందు జడే కనపడాలి, ఆ పొగరే వేరు! పూర్వం అలా వేశారంటే సవాలన్నమాట, నన్ను నాట్యంలో ఓడించేవాళ్లుంటే రండి, ఓడితే జడ కోసిచ్చేస్తానని. నెత్తిన సూర్యుడు చంద్రుడు బిళ్లలు, కింద జడకుచ్చులు, అంత సింగారమూ చేసుకుని ఆ ఆడవేషం కట్టేది అప్పట్లో మగాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషానికే పేరుపడ్డారు, 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. కూచిపూడి ఊరు మొవ్వ పక్కనేగా, ఓ ఆదివారం పాపని తీసుకెళ్లండి.