ఫైల్ కళ్లెదుటే ఉంది, స్క్రిప్ట్ మాత్రం లేదంటోంది: తెలుగు పేర్ల తంటా

ఫోల్డర్లో ‘పైడితల్లి.ఎంపీ3’ కనిపిస్తూనే ఉన్నా మీ పైథాన్ స్క్రిప్ట్ ఫైల్ లేదంటోందని రాశారు. స్లాష్‌లు, స్పేస్‌లు చూసుకున్నానన్నారు కాబట్టి వాటి జోలికి పోను. నాకూ అచ్చం ఇదే జరిగింది.

మా తాతగారి హరికథల రికార్డింగులు బావ తన పాత మ్యాక్‌లో జిప్ చేసి పంపాడు. పేర్ల పట్టిక అక్క విండోస్‌లో టైప్ చేసింది. ఆ పట్టిక ప్రకారం ఫైళ్లు సర్దే స్క్రిప్ట్ నేను లినక్స్‌లో రాశాను. చాలావరకు సర్దుకున్నాయి, కొన్ని మొండికేశాయి. రెండు రాత్రులు అక్క టైపింగ్‌ని తిట్టుకున్నాను (పాపం, ఆవిడ తప్పేం లేదు). మొండికేసినవి ఒకచోట పేర్చి చూస్తే కైక, వైకుంఠం, పైడితల్లి... అన్నిట్లోనూ ఐత్వమే!

ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య (కోడ్) ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ‘ై’ అని ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం ఒక కోడ్, కింద వేలాడే ‘ౖ’ ఇంకో కోడ్‌గా. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాస్తుంది. కీబోర్డులో కొడితే మామూలుగా కలిసిన రూపమే వస్తుంది. కంటికి తేడా తెలీదు, బైట్లు మాత్రం వేరు. తెలుగులో ఇలా విడిపోయేది ఈ ఒక్క గుర్తే. ‘ఐదు’లోని ఐ అక్షరానికి ఈ బెడద లేదు.

అనుమానం తీర్చుకోవాలంటే పేరును పైథాన్‌లోని ఆస్కీ ఫంక్షన్‌లో పెట్టి ప్రింట్ చేయండి, కోడ్‌లు బయటపడతాయి. పట్టికలోని పేరుతో నేరుగా ఫైల్ తెరవొద్దు. ముందు పైథాన్ మాడ్యూల్ పాత్‌లిబ్‌తో ఫోల్డర్ చదివి, ప్రతి పేరునూ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీకి (అంటే కలిసిన రూపానికి) మార్చి, డిక్షనరీలో అది కీగా, అసలు పాత్ విలువగా పెట్టుకోండి. పట్టికలోని పేరునూ అలాగే మార్చి అందులో వెతకండి.

అప్పటికీ నాకు ‘రాజ్‌కుమార్’ దొరకలేదు. పొల్లు తర్వాత కనపడకుండా కూర్చుని, పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒక పేరులో ఉంది, రెండోదాంట్లో లేదు. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు, కీలోంచి మీరే తీసేయాలి. అసలు పేరులో మాత్రం ఉంచండి, లేకపోతే ‘రాజ్కుమార్’ అయి కూర్చుంటుంది.

చివరికి ఒక్కటి మిగిలింది. అక్క ఆ కథకి పల్లవంతా పేరుగా కొట్టేసింది. విండోస్ ఒప్పుకుంది గానీ, లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు! ఫోన్ చేసి పేరు కుదించమంటే, పల్లవిలో ఏ పాదం తీసేయాలని అడిగింది.