రెండో కాన్పు తర్వాత పట్టుకున్న మలబద్ధకానికి అసలు కారణం ఎలా తెలుస్తుంది?

మీకు 38 ఏళ్లని, రెండో కాన్పు తర్వాత మొదలైన మలబద్ధకం ఇసబ్గోల్, త్రిఫల చూర్ణం, ఆకుకూరలు ఎన్ని వాడినా తగ్గలేదని, పొట్ట స్కానింగ్‌లో ఏమీ లేదన్నారని రాశారు. ఇంచుమించు ఇదే బాధ నేనూ ఏళ్ల తరబడి పడ్డాను కాబట్టి, నా విషయంలో కారణం ఎలా బయటపడిందో చెబుతాను.

స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు, గర్భాశయంలో గడ్డలు వంటివి కనిపిస్తాయి గానీ, పెద్దపేగు ఎంత వేగంగా కదులుతోందో, మలద్వారం దగ్గరి కండరాలు సరిగ్గా వదులవుతున్నాయో లేదో తెలియదు. అందువల్ల ఆ రిపోర్టు బాగుందంటే మీ బాధకు కారణమే లేదని అర్థం కాదండి.

వారానికి మూడుసార్లకన్నా తక్కువగా విరేచనం కావడం ఒక్కటే మలబద్ధకం కాదు. రోజూ వెళ్తున్నా గట్టిగా ముక్కవలసి రావడం, మలం ఉండలుగా రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్లు ఉండడం, వేలితో సాయం చేస్తే తప్ప రాకపోవడం కూడా ఈ జబ్బు లక్షణాలే. ఈ చివరిది మనం కన్నతల్లికైనా చెప్పుకోము. కానీ యోని వైపు నుంచి నొక్కితేనే మలం వస్తోందంటే, కాన్పుల వల్ల బలహీనపడిన గోడ గుండా పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) యోనిలోకి ఉబ్బి ఉండవచ్చునన్న అనుమానం డాక్టరుకు వెంటనే వస్తుంది. నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్తే విపరీతమైన నొప్పి ఉంటే అదీ చెప్పాలి, గర్భాశయపు లోపలి పొర వంటిది గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ జబ్బులో అలా ఉంటుంది.

నన్ను చూసిన గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ వ్యాధుల డాక్టరు) మొదట నేను వాడే మాత్రలన్నీ బల్లమీద పెట్టించారు. ఐరన్, కాల్షియం మాత్రలు, నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రకో తలనొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి మలబద్ధకం తెస్తాయి. తర్వాత థైరాయిడ్, షుగర్, రక్తంలో కాల్షియం, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. నాకు అవన్నీ మామూలుగానే ఉన్నాయి.

అసలు సంగతి తెలిసింది వేలితో చేసిన పరీక్షలో. పక్కన నర్సు ఉండగా, ఎడమవైపు తిరిగి మోకాళ్లు పొట్టకు ముడుచుకుని పడుకోమన్నారు. తొడుగు వేసుకున్న వేలు లోపల పెట్టి, విరేచనానికి ముక్కినట్లు ముక్కమన్నారు. ఆ సమయంలో వదులు కావలసిన కండరం నాకు బిగుసుకుపోతోంది. బయటికి తోస్తూనే తలుపు మూసేస్తున్నట్లన్నమాట. నిమిషం పట్టే ఈ పరీక్షను అంతకుముందు ఎవరూ చేయలేదు, సిగ్గుతో నేనూ అడగలేదు. ఆ తర్వాత మలద్వార కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ, బెలూన్ పరీక్ష చేశారు. పురీషనాళంలో పెట్టి 50 మిల్లీలీటర్ల నీరు నింపిన చిన్న బెలూన్‌ను మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో బయటికి పంపగలగాలి, నావల్ల కాలేదు. ఇలాంటి వారికి పీచు పెంచుకుంటూ పోతే కడుపుబ్బరమే మిగులుతుంది. ఆ కండరాన్ని వదులు చేయడం తెరమీద చూస్తూ నేర్చుకునే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణే నాకు మేలు చేసింది.

బెలూన్ సులభంగా బయటికి వచ్చేస్తే, పేగు కదలిక మందగించిందేమోనని చూస్తారు. ఎక్స్‌రేలో కనిపించే చిన్న చిన్న ముక్కలు నింపిన గొట్టం మాత్ర మింగించి, ఐదో రోజున ఆ ముక్కలు పేగులో ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు. ఐదో వంతుకు మించి మిగిలితే పేగు నెమ్మదిగా కదులుతున్నట్లే. మన ఇళ్లలో ఇంకొకటి ఉంది. లేచాక, తిన్నాక పేగు బాగా కదిలే వేళకే పిల్లల క్యారేజీలు, స్కూలు బస్సు ముంచుకొస్తాయి, వస్తున్న విరేచనాన్ని రోజూ ఆపుకోవలసి వస్తుంది. ఇది కూడా డాక్టరుతో చెప్పదగ్గ విషయమే.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి అడగండి. అవి లేకపోతే మరో స్కానింగ్‌కు డబ్బు పెట్టకుండా, వేలితో పరీక్ష చేయమని మీరే నోరు తెరిచి అడగండి. మగ డాక్టరు దగ్గర ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టరు కావాలని ముందే చెప్పవచ్చు.