క్రైస్తవ పాఠశాలలో అందరికీ చోటు: మీ ప్రశ్నకు సమాధానం

మీ క్రైస్తవ పాఠశాలలో భిన్న నేపథ్యాల పిల్లలను కలుపుకొనిపోయే బాధ్యత మీకు అప్పగించగా, కొందరు తల్లిదండ్రులు అది విశ్వాసానికి సంబంధం లేని పని అంటున్నారని రాశారు. వాదనకు దిగకుండా వారితో కలిసి బైబిలులోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదవండి. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచడంలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు ఆ మాటను కొట్టిపారేయక, ఏడుగురిని ఏర్పరచుకొమ్మని శిష్యులకే చెప్పారు. స్తెఫను మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, ఇది యాదృచ్ఛికమని నాకు అనిపించదు; సణిగిన వారి మధ్యనుండే బాధ్యులను ఎన్నుకున్నట్టుంది.

అందరికీ చోటుందని చెప్పే పోస్టర్ల సంగతి తర్వాత చూడవచ్చు. ముందు ఉదయ ప్రార్థనలో వాక్యం ఎవరు చదువుతున్నారో నెలరోజులు రాసిపెట్టండి. హాజరు పిలుపులో తన పేరును రోజూ తప్పుగా పలికితే తలవంచుకొని బదులిచ్చే పిల్ల ఎవరో గమనించి, సరైన ఉచ్చారణను ఆమెనే అడిగి ఉపాధ్యాయులకు నేర్పండి.